గుండ్లకమ్మ ఒడ్డున

గత ఫిబ్రవరి నెలలో మేము అన్నదమ్ములిద్దరం కుటుంబాలతో చిలకలూరిపేట నుండి ఒంగోలు బయలుదేరాము. మార్టూరు, మేదరమెట్ల దాటేవరకు ప్రత్తిచేలు, మిరపకోతలు చూచుకుంటూ వెళ్లాము. కారు అద్దాలు మూసినా మిరప ఘాటు లోపలికి వచ్చి పిల్లలు తుమ్ముతూనే ఉన్నారు. మద్దిపాడు మండలంలో గుండ్లకమ్మ వంతెన వచ్చేసరికి బండి ఆపించాము. ఆ ప్రక్కనే ఉన్న వెల్లంపల్లి వద్ద ఏటి ఒడ్డున ఒకసారి నిలబడాలని మాకు ఏనాటినుండో కోరిక.

ఈ స్థలము సంగతి బాప్టిస్టు సంఘస్థులందరూ ఎరిగినదే. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ డాక్టర్ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. అన్నము కొరకు మతములో చేరారని ఎవరూ అనకూడదని, కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మములు ఆపివేశారు. తరువాత 1878 జూలై 3వ తేదీన ఈ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ముందురోజు 614, మరునాడు 700. మూడు దినములలో మొత్తం 3,536 మంది. బాప్తిస్మమిచ్చిన బోధకులు ఆరుగురు. ఇద్దరు చొప్పున నీళ్లలో నిలిచి, అలసినప్పుడు వంతులు మార్చుకున్నారు.

ఈ లెక్కలు మేము సండేస్కూలులో వల్లెవేసినవే. అయితే ఆ రోజులలో మాకు వినబడింది సంఖ్య కాదు, నీళ్లు. తల మునిగేదాకా నీళ్లలో ముంచుతారా అని హడలిపోయేవాళ్లం.

మా భయానికి కారణం మా అమ్మే. మా నాన్న జీతమున్న ఆసామి పొలంలో పెద్ద దిగుడుబావి ఉండేది. వేసవిలో ఊళ్లోని పిల్లలు గట్టుమీద నుండి దూకి ఈదుతుంటే మేము దూరంగా తుమ్మచెట్టు క్రింద నిలబడి చూచేవాళ్లం. "బావిలో దయ్యం ఉంది, కాలు పట్టి లాగుద్ది" అని అమ్మ చెప్పింది. ఊరి పిల్లలను ఎందుకు లాగదో మేము అడగలేదు. 1967లో సాగర్ కుడికాలువకు నీళ్లు వదిలారు. కొన్నాళ్లకు ఆ నీళ్లు మా ప్రాంతానికీ వచ్చాయి. అందరూ సంతోషించారు గాని, గేదెలను కడగటానికి వెళ్లిన మా పల్లె కుర్రవాడొకడు జారి కొట్టుకుపోయాడు. అతనికి ఈత రాదు. మా పల్లెలో ఎవరికి వచ్చు గనుక! దానితో అమ్మ చెప్పిన దయ్యం మాకు కాలువలోనూ కనబడసాగింది.

1971లో మమ్మల్ని మిషను హాస్టలులో చేర్చారు. వెనుక తోటలో ఒక బావి ఉంది. తోటకు నీళ్లు పెట్టే వాచ్‌మన్ తాత పిల్లలకు ఈత నేర్పేవాడు. రెండు ఎండు సొరకాయ బుర్రలను త్రాటితో కలిపి చంకల క్రిందుగా కట్టి, మరొక త్రాడు నడుముకు బిగించి, కొస తన చేతిలో ఉంచుకొని మెట్లమీద కూర్చునేవాడు. మొదటి వారమంతా మేము మెట్టు వదలలేదు. మిగిలిన పిల్లలు నవ్వారు గాని తాత నవ్వలేదు. ముందు ముఖము నీళ్లలో పెట్టి బుడగలు వదలడం నేర్పాడు. అదే కష్టము, తక్కినదంతా దాని తరువాత సులువే. "నీళ్లతో పోట్లాడబాకండిరా అబ్బాయిలూ, ఒళ్లు వదిలితే అయ్యే తేలుస్తయ్యి" అనేవాడు. నెల తిరిగేసరికి తమ్ముడు ఒక బుర్ర విప్పేశాడు. వాడు విప్పాడు గనుక అన్న అయినందుకు సిగ్గుపడి మేమూ విప్పాము. ఆ వేసవి సెలవుల్లో మిరప కల్లంలో కూలికి పోయినప్పుడు, ఒళ్లంతా మండుతుంటే, మొదటిసారి భయం లేకుండా కాలువలో దిగాము. నీళ్లు తగలగానే మంట రెట్టింపయి, తరువాత మెల్లగా చల్లబడింది.

ఒకనాడు ఈత సంగతి చెబితే అమ్మ చాలాసేపు మాటాడలేదు. తరువాత అన్నది: "దయ్యమూ లేదు, ఏమీ లేదు నాయనా. ఆ బావిలో మీరు దిగితే మీ నాన్నను కొట్టేవాళ్లు."

మా సంఘములో బాప్తిస్మములు కాలువలోనే ఇచ్చేవారు. అయ్యగారు అడిగినప్పుడెల్లా "ఇంకా సిద్ధపడలేదండీ" అని తప్పించుకున్నాము. చిలకరింపు బాప్తిస్మము గల గుంటూరు లూథరన్ సోదరులను చూచి అసూయపడిన మాట కూడా దాచనవసరం లేదు. చివరకు 1974లో, ఆ కుర్రవాడు పోయిన కాలువలోనే, ఇద్దరం ఒకేరోజు మునిగి లేచాము. నిజానికి ఈత వచ్చినంతమాత్రాన భయం పూర్తిగా పోదు. గలిలయ సముద్రములో ఈత ఎరిగిన పేతురే గాలిని చూచి కేక వేశాడు.

వెల్లంపల్లి ఒడ్డున నిలబడినప్పుడు మాకు అమ్మ మాటే గుర్తుకు వచ్చింది. 1878లో ఇక్కడికి వచ్చినవారిలో ఎక్కువమంది మాదిగలు. వారికి ఊరి బావి లేదు, చెరువులో రేవు లేదు. ఎవరైనా పోస్తే దోసిట పట్టుకోవలసిందే. చాలామందికి నడుములోతు నీళ్లలో నిలబడటం అదే మొదటిసారి అయి ఉండవచ్చునని మా తలంపు. ఆ తరువాత 49 సంవత్సరాలకు, 1927లో, నేటి మహారాష్ట్రలోని మహాడ్‌లో అంబేద్కర్ గారు చవదార్ చెరువు నీళ్లు త్రాగడమే ఒక పోరాటమైనది. మరి ఇక్కడ ఆ ఉదయం పేరుపెట్టి పిలిచి, చేయి పట్టి, ఏటి నడుమకు తీసుకువెళ్లారు. మారుమనస్సు గురించి ప్రసంగాలు ఎన్నో విన్నాము గాని, ఆ చేయి పట్టడం గురించి ఎవరూ చెప్పగా వినలేదు.

ఇప్పుడు మా పల్లెలో కుళాయిలున్నాయి. అయినా పిల్లలకు ఈత రాదు, కాలువ మాత్రం అలాగే పారుతున్నది. సంఘ పెద్దలు వేసవి బైబిలు బడితోపాటు, తగిన పెద్దవారిని దగ్గర ఉంచి, నాలుగు ఈత పాఠాలు కూడా పెట్టించగలరేమో ఆలోచించాలి. ఆడపిల్లలను మరువకూడదు.

మేము బయలుదేరబోతుండగా తమ్ముడి మనుమరాలు చెప్పులు విడిచి నీటి అంచున నిలబడింది. "లోతు ఎంతుంది తాతయ్యా?" అన్నది. వాడు పంచె ఎగగట్టి ముందు దిగి, చేయి చాచాడు.