ముప్పై దాటినా మొటిమలేనా?

మొటిమలంటే పదహారేళ్ల ప్రాయానికే అనుకుంటాం గదా! నాకు ముప్పైనాలుగు. అయినా ప్రతి నెలా బహిష్టుకి వారం ముందు గడ్డం మీదా, దవడల వెంబడీ ఠంచనుగా హాజరు! "పెళ్లయితే అవే పోతాయిలే" అంది పిన్ని. పెళ్లికీ వీటికీ సంబంధం లేదండీ. ఆండ్రోజెన్ హార్మోన్ల ప్రభావంతో చర్మంలో జిడ్డు ఎక్కువగా ఊరితే వచ్చేవివి.

చర్మవ్యాధుల డాక్టరుగారు ముందు నెలసరి సరిగా వస్తోందా, మొహం మీద వెంట్రుకలు పెరుగుతున్నాయా అని అడిగారు. పీసీఓఎస్ ఉందేమోనని! తర్వాత వైద్యం వరస చెప్పారు. మొదట అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ పూతలు. లొంగకపోతే గర్భనిరోధక మాత్రలో, స్పైరోనోలాక్టోనో. మరీ మొండివాటికి ఐసోట్రెటినాయిన్. ఈ చివరి రెండు మాత్రలూ గర్భిణులూ, గర్భం కోరుకునేవారూ వాడకూడదు. స్టెరాయిడ్ కలిపిన "తెల్లబరిచే" క్రీముల జోలికి మాత్రం పోవద్దన్నారు. వాటివల్లే కొత్త మొటిమలొస్తాయట!

ఏ మందుకైనా మూడు నెలల ఓపిక కావాలి. అందాకా మొహం దాచుకోవాలా? 2015లో "ప్రేమమ్"లో సాయిపల్లవి మొటిమలతోనే తెరమీదికొచ్చింది. జనం మలర్ టీచర్‌ని ప్రేమించారు గానీ, మొటిమలు లెక్కపెట్టారా? నాకిప్పుడు రెండో నెల. తారల ఇంటర్వ్యూలకి ఈ మొహంతోనే వెళుతున్నాను!