తలకట్టు ఊడిన అక్షరం

"ఏరా అబ్బాయ్, కంప్యూటర్ చదివావు గదా, ఈ రూటర్ మిషన్ల సంగతేందో కాస్త చూసి చెప్పు" అని బాబాయ్ ఫోన్ చేశాడు. కంప్యూటర్ చదివినవాడికి ప్రింటర్ బాగు చెయ్యడం దగ్గర్నుంచి పాస్‌పోర్ట్ ఫారం నింపడం దాకా అన్నీ వచ్చని మా ఇంట్లో గట్టి నమ్మకం. నాకు తెలిసిన రూటర్ వైఫైది ఒక్కటే. ఆ మాట చెప్పుకోలేక "సరే బాబాయ్, చూస్తా" అన్నాను.

మంగళగిరిలో బాబాయ్‌ది బోర్డుల షాపు. పదడుగుల వెడల్పు గది, ముందు రేకుల పంచ. కుర్రతనంలో బ్రష్‌తో గోడలు రాశాడు, కిరాణా కొట్ల బోర్డులు రాశాడు, లారీల వెనక రాశాడు. ఫ్లెక్సీ వచ్చాక బ్రష్‌లు కిరసనాయిలు డబ్బాలోనే ఎండిపోయాయి. 2015 అక్టోబర్లో అమరావతికి శంకుస్థాపన జరిగింది. వెంచర్ల బోర్డులు, అపార్ట్‌మెంట్ల బోర్డులు చూసి బాబాయ్ అప్పు చేసి ఫ్లెక్స్ ప్రింటింగ్ మిషన్ కొన్నాడు. 2019 డిసెంబర్లో మూడు రాజధానుల మాట వచ్చింది, వెంచర్లన్నీ చల్లబడ్డాయి. 2022 ఆగస్టులో రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించారు. "నేను మిషన్ కొంటే చాలు, ఊరు మారిపోద్ది" అంటాడు బాబాయ్, నవ్వుతూనే. ఇప్పుడు మళ్ళీ రాజధాని పనులు మొదలయ్యాయి, మళ్ళీ బోర్డులు అడుగుతున్నారు. కాకపోతే ఈసారి అడిగేది ఏసీపీ షీటు మీద యాక్రిలిక్ అక్షరాలు, లోపల ఎల్‌ఈడీలు. కటింగ్ అంతా బెజవాడ పంపించి జాబ్‌వర్క్ చేయించుకుంటున్నాడు. ఆటో ఖర్చు, రెండ్రోజుల ఆలస్యం. అక్కడ ఒత్తు తప్పుగా కోస్తే మళ్ళీ రెండ్రోజులు.

అంచేత, నన్నడిగింది గాడ్జెట్ సలహా కాదు. ఇంకో అప్పు చెయ్యొచ్చా లేదా అని.

నేను నాకొచ్చిన పనే చేశాను. స్ప్రెడ్‌షీట్ తెరిచాను.

మిషన్‌లో పెద్ద మర్మం ఏమీ లేదు. ఒక బల్ల, దాని మీద మూడు దిక్కుల్లో కదిలే మోటారు, మోటారు కొసన నిమిషానికి 24,000 సార్ల దాకా తిరిగే చిన్న కత్తి. ఆ కత్తి ఎటు పోవాలో వరసగా చెప్పేది జీ-కోడ్. ఎక్స్ ఇంత జరుగు, వై ఇంత జరుగు, జెడ్ ఇంత దిగు. 1952లో ఎంఐటీలో చిల్లుల టేపుతో నడిపి చూపించిన మిల్లింగ్ మిషన్‌కి ఇది మునిమనవడు. జీ-కోడ్ ఫైలు చదివాక నాకు ధైర్యమొచ్చింది. మా ఆఫీసు కోడ్ కంటే వంద రెట్లు నయం.

చవకలో మొదటిది 3018 అనేది. 300 మిల్లీమీటర్లు ఇంటూ 180. దాదాపు బొమ్మ. నేర్చుకోడానికి బాగుంటుంది గానీ షాపు బోర్డుకి పనికిరాదు. అటు చివర 1325, అంటే 1300 ఇంటూ 2500. నాలుగడుగులు ఎనిమిదడుగుల షీటు మొత్తం ఒకేసారి పడుతుంది. "అది పెడితే మనం రోడ్డు మీద కూర్చోవాల" అన్నాడు బాబాయ్. పైగా దానికి త్రీఫేజ్ కరెంటు పెట్టించుకోమన్నారు అమ్మేవాళ్ళు. కొటేషన్లు చూస్తే చిన్నవి లక్షన్నర నుంచి, పెద్దవి ఆరు లక్షల దాకా.

అన్నీ బేరీజు వేసి, చివరికి నేను రూటర్ వద్దని తేల్చాను. లేజర్ కొనమన్నాను. లేజర్‌తో కోస్తే యాక్రిలిక్ అంచు అద్దంలా మెరుస్తుంది. కత్తి అరగడం, విరగడం ఉండదు. లావు లేని కత్తి కాబట్టి ఎంత సన్నటి సందులోకైనా పోతుంది. ఇదంతా గ్రాఫులతో సహా బాబాయ్‌కి చూపించాను.

ఓపిగ్గా విని, "ఏసీపీ కోస్తదా?" అని అడిగాడు.

కొయ్యదు. ఏసీపీకి అటూ ఇటూ అల్యూమినియం రేకు, మధ్యలో ప్లాస్టిక్. ఆ ధరలో దొరికే లేజర్లకి అల్యూమినియం లొంగదు.

"పోనీ సన్‌బోర్డు?"

అదసలు కొయ్యనే కూడదు. సన్‌బోర్డు అంటే పీవీసీ. లేజర్‌తో కాలిస్తే అందులోంచి వచ్చే ఆమ్లపు పొగ మిషన్ పట్టాల్ని తినేస్తుంది, పక్కనున్న మనిషి ఊపిరితిత్తుల్ని కూడా. బాబాయ్ పనిలో ముప్పాతిక వంతు ఏసీపీ, సన్‌బోర్డే. నా స్ప్రెడ్‌షీట్‌లో పదిహేడు కాలమ్స్ ఉన్నాయి. "ఏం కొయ్యాలి" అనే కాలమ్ లేదు. క్లయింట్‌ని ముందు అవసరం అడగాలని జూనియర్లకి చెప్పేది నేనే.

మళ్ళీ రూటర్ దగ్గరికొచ్చాం. ఈసారి షాపులో కూర్చుని, బాబాయ్ చేసే పనులు ఒక్కొక్కటీ రాసుకుని చూశాను. నాలుగడుగులు ఇంటూ నాలుగడుగుల బెడ్ చాలు. ముందూ వెనకా తెరిచి ఉంటే ఎనిమిదడుగుల షీటుని సగం కోసి, జరిపి, మిగతా సగం కోసుకోవచ్చు. స్పిండిల్ 2.2 కిలోవాట్లది, సింగిల్ ఫేజ్ మీద నడిచేది. గుండ్రటి కడ్డీల మీద జారే మిషన్ కంటే చదరపు పట్టాల మీద నడిచేదానికి ఊగులాట తక్కువ. ఊగితే అక్షరం అంచు రంపంలా వస్తుంది. కంట్రోలర్ విషయంలో మాత్రం బాబాయ్ ఒకే ప్రశ్న వేశాడు: "మధ్యలో కరెంటు పోతే?" పాత కంప్యూటర్‌కి తగిలించి నడిపేదైతే షీటు పాడైనట్టే. పెన్‌డ్రైవ్ పెట్టి చేత్తో పట్టుకుని నడిపే డీఎస్‌పీ కంట్రోలర్ ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకుంటుంది. అమెరికా వీడియోల్లో ఈ సంగతి గురించి ఒక్కడూ మాట్లాడడు.

అసలు చిక్కు తెలుగుతో వచ్చింది.

కటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేను ప్రయత్నించినదాంట్లో "లక్ష్మీ" అని టైప్ చేస్తే పొల్లులు పొల్లులుగా, ఒత్తులు విడివిడిగా పడ్డాయి. ఇంక్‌స్కేప్‌లో టైప్ చేసి, గీతలుగా మార్చి తీసుకెళ్తే ఆ బాధ తప్పింది. కానీ ఇంకొకటి మొదలైంది. గుడి, దీర్ఘం అక్షరం మీద ఎక్కిన చోట రెండు గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. తెర మీద కనపడదు. కత్తి మాత్రం ఆ గీత వెంబడి అక్షరాన్ని అడ్డంగా కోసేస్తుంది. ముందే రెంటినీ కలిపి ఒకటి చెయ్యాలి. తర్వాత కత్తి లావు. మూడు మిల్లీమీటర్ల బిట్ అంతకంటే సన్నటి సందులోకి దూరదు. ఇంగ్లిష్ 'ఈ' లోపలి మూలలు గుండ్రంగా తేలి అసహ్యంగా ఉంటాయి, మన గుండ్రటి అక్షరాలకి ఆ బాధ తక్కువ. అక్కడ తెలుగు గెలిచిందని సంతోషపడేలోపు, మూడంగుళాల బోర్డులో "క్ష్మీ" కింద ఒత్తుల సందులన్నీ పూడుకుపోయాయి.

ఇక డబ్బు. మిషన్, దుమ్ము లాగే యంత్రం, వైరింగ్, బిట్లు అన్నీ కలిపి మూడు లక్షలు దాటుతుంది. రెండున్నర లక్షల అప్పు, 12 శాతం వడ్డీ, మూడేళ్ళు అనుకుంటే నెలకి దాదాపు 8,300 కట్టాలి. బెజవాడ జాబ్‌వర్క్‌కి బాబాయ్ పెట్టేది సగటున నెలకి పదకొండు వేలు. కరెంటు, బిట్లు తీసేస్తే మిగిలేది సున్నాకి దగ్గర. పైగా అది సగటు మాత్రమే. శ్రావణంలో షాపుల ప్రారంభోత్సవాలు వరసపెట్టి ఉంటాయి. ఆషాఢంలో ఎవడూ రిబ్బన్ కత్తిరించడు. ఈఎంఐకి ఆషాఢం లేదు.

లెక్క ప్రకారం కొనొద్దని చెప్పాను. బాబాయ్ కాసేపు కొండకేసి చూశాడు. "పానకాలస్వామి సగం తాగి సగం మనకే ఇస్తాడు. బ్యాంకోడు మొత్తం తాగుతాడు. ఆ సంగతి నాకు తెలవదా? కానీ రెండ్రోజులు ఆగమంటే పార్టీ ఆగట్లా రా. నా దగ్గర్నుంచి పోయే పని నీ లెక్కలో ఏ గడిలో ఉంది?"

ఆ గడి కూడా లేదు.

బ్యాంకులో ముద్రా కింద అడిగాం. అక్కడ గోడ మీద విశ్వకర్మ పథకం పోస్టర్ ఉంది. 2023లో మొదలైన ఆ పథకంలో 18 చేతివృత్తులున్నాయి. వడ్రంగి ఉన్నాడు, శిల్పి ఉన్నాడు, దండలు కట్టేవాళ్ళున్నారు. బోర్డు రాసేవాడు లేడు. బాబాయ్ రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా టోకెన్ పట్టుకుని కూర్చున్నాడు.

మిషన్ వచ్చాక మొదటి పని ఒక టిఫిన్ సెంటర్ బోర్డు. "పద్మావతి". నాలుగక్షరాలు, ఆరు ముక్కలు. మన ప, స, హ లాంటి వాటికి తలకట్టు అక్షరాన్ని తాకదు, గాల్లో ఉంటుంది. చదివేటప్పుడు ఇన్నేళ్ళలో నేనెప్పుడూ గమనించలేదు. కత్తి చివరి చుట్టు తిరిగేసరికి ఆ చిన్న ముక్క షీటు నుంచి విడిపోయి, టింగుమని ఎగిరి ఎక్కడో పడింది. ఇద్దరం యాక్రిలిక్ పొట్టులో మోకాళ్ళ మీద వెతికాం. దొరికింది, అంచు విరిగి.

చిన్న ముక్కలు ఎగిరిపోకుండా షీటుకి పట్టి ఉంచే ట్యాబులు పెట్టాలని ఫోన్లో చదువుతున్నాను. ఈలోపు బాబాయ్ బల్ల కింద నుంచి చార్టు పేపరు తీసి, లావు మార్కర్‌తో "ప" రాశాడు. తలకట్టు కొసని కిందికి కొంచెం వంచి అక్షరం భుజానికి తాకించాడు. వంకరగా లేదు, అతికించినట్టు లేదు, ప లాగే ఉంది. తర్వాత ద కింద మ ఒత్తుని కూడా అలాగే సన్నటి మెడతో కలిపేశాడు.

"రేకు కోసి అక్షరాలు చేసే రోజుల్లో ఇట్టాగే కలిపేవాళ్ళం. లేకపోతే రాలిపోవూ?"

నేను పదిహేడు కాలమ్స్‌లో వెతికింది ఆయన చేతిలో ముప్పై ఏళ్ళుగా ఉంది. అడగాలని తోచలేదు. ఆయనకీ చెప్పాలని తోచలేదు. బ్రష్‌తో పాటు ఆ తెలివి కూడా పనికిరాకుండా పోయిందనే అనుకున్నాడు.

చార్టుని ఫోటో తీసి, ఇంక్‌స్కేప్‌లో గీతలుగా మార్చాను. వందల బిందువులొచ్చాయి. అందులో చాలావరకు మార్కర్ వణుకు. ఒక రాత్రంతా కూర్చుని సాపు చేశాను. ఎక్కడ వణుకు, ఎక్కడ ఒడుపు అన్నది నాకు తెలియక కొన్నిచోట్ల ఒడుపుని కూడా చెరిపేశాను. పొద్దున బాబాయ్ తెర మీద చూసి, "ఈ వంపు నాది కాదే" అని సరిగ్గా ఆ చోటే వేలు పెట్టాడు. వెనక్కి మార్చాను. నాలుగు ముక్కలు, ఒక్కటీ ఎగరలేదు.

ఇదేదో చేతిరాత గెలిచిన కథ అనుకోకండి. ఆ తర్వాత వచ్చిన ఏడు బోర్డుల్లో ఆరింటికి పక్క షాపు వాడిది ఎలా ఉందో అలాగే కావాలన్నారు, అందులో నాలుగు ఇంగ్లిష్‌వి. ఆ ఒక్క తెలుగు బోర్డుకీ, "అక్షరాలు నాలుగే గదా, ఒత్తుకి కూడా డబ్బులేంది?" అని బేరం.

ఇప్పటికి ఎనిమిది వాయిదాలు కట్టాడు. వచ్చేది ఆషాఢం. నేను స్ప్రెడ్‌షీట్‌లో కొత్త గడి ఒకటి చేర్చి, దానికేం పేరు పెట్టాలో తెలియక ఖాళీగా ఉంచాను. అంచు విరిగిన తలకట్టు మాత్రం షాపులో నరసింహస్వామి పటం చట్రానికి గుచ్చి ఉంది.