తెనెరీఫే దీవిలో వారం రోజులు

పిల్లలూ, ప్రపంచ పటం తీసి ముందు పెట్టుకోండి. ఢిల్లీ మీద వేలు ఆనించి సూటిగా పడమటికి జరపండి. ఇరాను, అరేబియా, ఈజిప్టు, సహారా ఎడారి అన్నీ దాటి అట్లాంటిక్ సముద్రంలో పడగానే మీ వేలి కింద కొన్ని చుక్కలు కనిపిస్తాయి. అవే కెనరీ దీవులు. అవి స్పెయిన్ దేశానివే గాని, స్పెయిను అక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. ఆఫ్రికా తీరం మటుకు అంతకన్న చాలా దగ్గర. ఆ చుక్కలలో అన్నిటికన్న పెద్దది తెనెరీఫే.

ఈ సెలవులకు అక్కడికి వెళదామని మీ నాన్నగారు అన్నారనుకోండి. వ్యవధి వారం రోజులు. వెంట నాయనమ్మ కూడా వస్తున్నది. మరి ప్రయాణం ఎలా ఏర్పాటు చేసుకోవాలి?

“ఏముంది? ఎండ కాసే దీవి. ఎక్కడ దిగితేనేం?” అంటారు మీరు. అలా అనుకుని వెళ్ళినవాళ్ళు ఉత్తరాన దిగి, గదిలో కూర్చుని కిటికీలోంచి మబ్బులు చూసి తిరిగి వచ్చిన సందర్భాలు లేకపోలేదు. దీవి ఒకటే గాని, అందులో వాతావరణాలు రెండు.

దీనికంతకూ కారణం దీవి నడుమ నిలబడి ఉన్న తేయిదే అనే అగ్నిపర్వతం. దాని ఎత్తు 3,715 మీటర్లు. స్పెయిన్ దేశం మొత్తంలో అంతకన్న ఎత్తయిన శిఖరం లేదు. సముద్రం అడుగునుంచి కొలిస్తే దాని ఎత్తు ఏడు వేల మీటర్లు దాటుతుంది! సముద్రం మీదుగా ఈశాన్యపు వ్యాపార పవనాలు తేమను మోసుకు వచ్చి ఈ కొండలకు తగులుకుంటాయి. పైకి ఎక్కినకొద్దీ గాలి చల్లబడి, తేమ మబ్బుగా మారుతుంది. కాని ఆ మబ్బు ఎంతో పైకి పోలేదు. పైన వెచ్చని పొడిగాలి కుండమీది మూకుడులాగా కప్పుకుని ఉంటుంది. అందుచేత ఉత్తరపు వాలు పచ్చగా, చల్లగా ఉంటుంది. కొండకు అవతల ఉన్న దక్షిణ తీరంలో ఎండే ఎండ. మన పడమటి కనుమలకు ఆవలి వైపు కుండపోత వర్షం కురుస్తూ ఉంటే, ఈవలి వైపున రాయలసీమ వానకు ముఖం వాచి ఉండటం మీరు ఎరిగినదే. ఇదీ అలాంటిదే.

ఈ మబ్బు ఎంత మేలు చేస్తుందో అంత కీడూ చేయగలదు. దీవిలోని పాత విమానాశ్రయం ఉత్తరాన సరిగా మబ్బులు తిరిగే ఎత్తులో ఉన్నది. 1977 మార్చి 27న అక్కడ దట్టమైన పొగమంచులో, నేలమీదనే రెండు పెద్ద విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. దక్షిణాన ఎండ కాసే చోట మరొక విమానాశ్రయం 1978లో తెరిచారు. ఇప్పుడు విదేశీ యాత్రికులలో చాలామంది దిగేది అందులోనే.

ఇక మేలు సంగతి. తెనెరీఫేలో చెప్పుకోదగ్గ నది ఒక్కటి కూడా లేదు. మరి నీళ్ళు ఎలా వస్తాయి? కొండల మీది దేవదారు జాతి చెట్లకు పొడుగాటి సూదుల్లాంటి ఆకులు ఉంటాయి. మబ్బు వాటిలోంచి పోయేటప్పుడు తేమ బొట్లు బొట్లుగా నేలకు రాలుతుంది. ఈ నీరూ, వాన నీరూ, శిఖరాల మీద కరిగిన మంచూ రాతిలోకి ఇంకిపోతాయి. దీవివాళ్ళు కొండలోకి అడ్డంగా సొరంగాలు తవ్వి ఆ నీటిని బయటికి తెచ్చుకున్నారు. అలాంటి సొరంగాలు వెయ్యికి పైగా ఉన్నాయి. ఇప్పుడు సముద్రపు నీటిలో ఉప్పు తీసివేసే కర్మాగారాలు కూడా ఉన్నాయనుకోండి. అయినా అక్కడ మీ గదిలో కుళాయి తిప్పేటప్పుడు ఆ సొరంగాలు తవ్వినవాళ్ళను ఒకసారి తలుచుకోండి.

సరే, మన ఏర్పాటు చూద్దాం. మొదటి మూడు నాలుగు రోజులు ఉత్తరాన ఉండి, తరవాత దక్షిణానికి మారడం మంచిది. పర్వతాన్ని ఆఖరి రోజుకు అట్టేపెట్టకండి. కొండమీదికి తీగల మీద నడిచే బండి ఉన్నది గాని, గాలి జోరుగా వీచినా, మంచు పడినా దాన్ని ఆపేస్తారు. ఆఖరి రోజున అలా జరిగిందంటే కిందినుంచి దణ్ణం పెట్టి రావలసిందే. అందుకని రెండో రోజునే వెళ్ళండి. ఒక రోజు ఖాళీగా కూడా ఉంచుకోండి.

తీగబండి 3,555 మీటర్ల ఎత్తున దించుతుంది. అక్కడినుంచి కొనకొమ్ముకు నడవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. అక్కడి గాలిలో మనకు దొరికే ప్రాణవాయువు సముద్రతీరంలో దొరికేదానిలో మూడింట రెండు వంతులే. గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఎక్కకూడదు. నాయనమ్మకు గుండె నొప్పి ఉంటే ఆమెను బలవంతపెట్టకండి. కింద రెండు వేల మీటర్ల ఎత్తున లాస్ కన్యాదాస్ అనే పెద్ద మైదానం ఉన్నది. అక్కడి దాకా కారు పోతుంది, బస్సూ పోతుంది. (అక్కడివాళ్ళు బస్సును ‘గ్వాగ్వా’ అంటారు. చంటిపిల్లల మాటలాగా లేదూ?) ఎర్రని, నల్లని, పచ్చని రాళ్ళు వింత వింత ఆకారాలలో నిలబడి ఉంటాయి. మే నెల చివర వెళితే మనిషికన్న ఎత్తుగా ఎర్రని పూలకంబాలు కూడా చూడవచ్చు. నన్నడిగితే పైకి పోయినవాళ్ళకన్న నాయనమ్మే ఎక్కువ చూస్తుంది. ఒక్క రాయి కూడా జేబులో వేసుకోకండి, అది తప్పు. చలికోట్లు మరచిపోకండి. పొద్దున ఇసుకలో చెమటలు పట్టినవాళ్ళకు మధ్యాహ్నం కొండమీద పళ్ళు టకటకలాడతాయి.

ఉత్తరాన గరచికో అనే ఊరు ఉన్నది. ఒకప్పుడు అది గొప్ప రేవు పట్నం. 1706లో కొండ పగిలి లావా వచ్చి రేవును పూడ్చేసింది. ఓడలు రావడం మానేశాయి. ఆ లావా సముద్రంలో గడ్డకట్టిన చోట ఏర్పడిన గుంటలలో ఇప్పుడు పిల్లలు ఈదుతారు. అయితే ఉత్తర తీరంలో అలలు పొగరుబోతులు. ఎర్రజెండా ఎగరవేసి ఉంటే, ఎంత ఈత వచ్చినవాళ్ళయినా సరే, ఒడ్డునే ఉండాలి.

భోజనానికి కొత్తేమీ లేదు. వేయించిన గింజలను విసిరిన పిండిని అక్కడ ‘గోఫియో’ అంటారు. అది మన పేలపిండికి చుట్టమే. ఉప్పునీళ్ళలో తొక్కతోనే ఉడికించిన చిన్న బంగాళాదుంపలను వెల్లుల్లి, మిరపకాయ, జీలకర్ర నూరిన కారంలో అద్దుకు తింటారు. నాయనమ్మ పచ్చడి సీసా పెట్టె అడుగునే ఉండిపోవచ్చు.

దక్షిణానికి మారాక పడవెక్కి తిమింగిలాలను చూడండి. అక్కడి సముద్రంలో అవి ఏడాది పొడుగునా కాపురముంటాయి. పడవవాళ్ళు వాటిని తరమకుండా దూరంగా ఉండేవాళ్ళయితేనే ఎక్కండి.

ఖాళీగా ఉంచిన రోజు ఇంకా మిగిలి ఉంటే, పడవలో సుమారు గంట ప్రయాణం చేసి పక్కనున్న గొమేరా దీవికి వెళ్ళండి. అక్కడి లోయలు చాలా లోతు. ఈ కొండమీదివాళ్ళు ఆ కొండమీదివాళ్ళతో మాట్లాడాలంటే పూర్వం దిగి, మళ్ళీ ఎక్కవలసి వచ్చేది. అందుకని వాళ్ళు మాటలనే ఈలలుగా మార్చుకున్నారు. “అన్నం తినడానికి రా” అన్నా ఈలే, “మేక తప్పిపోయింది” అన్నా ఈలే! ఈ భాష మరుగున పడిపోతుందేమోనని భయపడి, 1999 నుంచి అక్కడి బడులలో దాన్ని పాఠంగా నేర్పుతున్నారు. మన బడిలో ఈల వేసినవాణ్ణి బెంచీ ఎక్కిస్తారు. అక్కడ ఈల వేయనివాణ్ణి మాస్టారు ఏమి చేస్తారో, వెళ్ళినప్పుడు అడిగి తెలుసుకోండి.