పారిసు నగరపు గంజియిల్లు

ఈ సంచికకు పారిసు నగరమును గూర్చి ఏమైన వ్రాయుమని పత్రికా సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. గత వేసవి సెలవులలో మా మేనల్లుని యాహ్వానముపై ఆ నగరమున రెండు వారములు గడపితిమి. ఐఫెల్ గోపురమును గూర్చియు, నోత్రదామ్ దేవాలయమును గూర్చియు తెలిసికొనగోరు విద్యార్థులకు పుస్తకములు కావలసినన్ని గలవు. వానికి మేము చేర్పదగినది లేదు. ఒక సాయంకాలము మేము భోజనము చేసిన పాత భోజనశాలను గూర్చి మాత్రము వ్రాసెదము. బడిపత్రికలో తిండి ముచ్చట యేల యని పెద్దలు కొందఱు నవ్వవచ్చును. కాని మన వసతిగృహమున పిల్లల కంచములలో ఏమి వడ్డింపవలెనను చర్చ ఈ సంవత్సరము పుట్టియున్నది. దానికిని దీనికిని సంబంధము గలదని మా తలంపు.

"రెస్టారెంటు" అను మాట నేడు మన పామిడిలో రహదారి ప్రక్కనున్న పలకలమీద గూడ కనబడుచున్నది. ఈ మాట మొదట ఇంటిపేరు కాదు, చారుపేరు. డస్సినవానికి మరల బలము కలిగించునది యని దాని యర్థము. పదునెనిమిదవ శతాబ్దమున పారిసులో రోగులకును బలహీనులకును మాంసమును చాలసేపు కాచి తీసిన చిక్కని రసము నిచ్చెడివారు. దానినే రెస్టారెంటు అనిరి. అంతకుముందు బాటసారి సత్రమున కేగినచో, సత్రపువాడు పెట్టిన వేళకు, పెట్టిన బల్లయొద్ద, పెట్టినది తినవలసినదే. 1760 తరువాతి దశకమున ఈ రసమునమ్ము ఇండ్లు వెలసెను. వానిలో ఎవరి బల్ల వారిది, వచ్చినదే వేళ, కోరినదే వడ్డన. క్రమముగా రసము పేరు ఇంటికి వచ్చెను.

దీనినిగూర్చి యొక కథ చాలకాలము ప్రచారములో నుండెను. 1765లో బులాంజే అనునతడు తన యంగడి గుమ్మముపై లాటిను భాషలో నొక వాక్యము వ్రాయించెనట. మత్తయి సువార్త పదునొకండవ అధ్యాయమున ప్రభువు ప్రయాసపడువారిని పిలిచిన పిలుపును, అతడు కడుపునొప్పివారికి పిలుపుగా మార్చెనట! అతనిపై వంటవారి సంఘము దావా వేసెననియు, అతడు గెలిచెననియు చెప్పుదురు. రెబెక్కా స్పాంగ్ అను చరిత్రకారిణి 2000 సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున ఈ కథకు ఆధారము లేదని చూపి, మొదటి రెస్టారెంటు 1766 ప్రాంతమున రోజ్ ద షాంత్వాజో అనువాడు పెట్టినదని నిర్ణయించినది. వేదవాక్యమును వంటయింటి గుమ్మమునకు వ్రేలగట్టుట మాకు రుచింపదు. అయినను కథ పుట్టినవారి మనస్సులో భోజనమునకును విశ్రాంతికిని గల చుట్టరికము తోచినదని మాత్రము ఒప్పుకొనవలెను.

ఆ తరువాత రెస్టారెంట్లు ధనవంతుల పాలయ్యెను. కూలివాడు మరల వీధినే తినవలసి వచ్చెను. 1855 ప్రాంతమున డ్యువాల్ అను మాంసపు వర్తకుడు పారిసు నగరపు పెద్ద సంతలోని పనివాండ్రకు తక్కువ వెలకు మాంసమును, దాని రసమును వడ్డించు శాల తెఱచెను. ఫ్రెంచి భాషలో ఆ రసమునకు బుయ్యోన్ అని పేరు. ఆ శాలకును అదే పేరు నిలిచెను. మన మాటలో గంజియిల్లు అనవచ్చును. 1900 నాటికి ఆ నగరమున ఇట్టి శాలలు దాదాపు 250 యుండెనని చెప్పుదురు. ఫ్రెడరిక్, కమీయ్ అను షార్తియే సోదరులు 1896లో తెఱచిన బుయ్యోన్ షార్తియే నేటికిని నడచుచున్నది. 1989లో దానిని చారిత్రక కట్టడముగా ప్రభుత్వము నమోదు చేసినది. మేము పోయినది దానికే.

వీధినుండి చూచినచో ఏమియు కనబడదు. ఒక సందువంటి దారిన లోనికి పోగా ముంగిలియు, అందు బారులుదీరిన జనమును కనబడిరి. ముందుగా స్థలము కేటాయించుకొనుట యక్కడ లేదు. ఎంతవారైనను వరుసలో నిలువవలసినదే. మేము ముప్పావుగంట నిలిచితిమి. మా ముందు మంచి యుడుపులు ధరించిన దంపతులును, వెనుక సున్నపు మరకల చొక్కాతో నొక పనివాడును నుండిరి. లోపల ఎత్తైన గాజుకప్పు, గోడలనిండ అద్దములు, గుండ్రని దీపములు, బల్లలపైన టోపీలును సంచులును పెట్టుకొనుటకు ఇత్తడి కమ్ముల అరలు. మూడువందలమందికి పైగా ఒక్కసారి కూర్చుండి తినుచుండిరి. ఆ సద్దు మన మధ్యాహ్నపు గంట కొట్టినప్పటి సద్దునకు తీసిపోదు!

గోడప్రక్క నున్న కొయ్యబీరువాను మేనల్లుడు చూపెను. అందు వరుసగా చిన్న చిన్న సొఱుగులు. ప్రతిదానిపై ఒక అంకె. పూర్వము దినమును వచ్చు ఖాతాదారులు తమ చేతిగుడ్డను అందు దాచుకొనెడివారట. రాతిపని చేయువాడు గాని, గుమాస్తా గాని, వచ్చి తన సొఱుగు తెఱచి, తన గుడ్డ తీసికొని, ఒడిలో పఱచుకొని కూర్చుండెడివాడు. ఆ శాలలోని అద్దములకంటె, దీపములకంటె మేము ఎక్కువసేపు చూచినది ఈ సొఱుగులనే.

ఖాళీయున్న చోట నెవరినైన నెవరిప్రక్కనైన కూర్చుండబెట్టుట యచ్చటి యాచారము. మా బల్లయొద్ద ఒక వృద్ధుడు అదివఱకే కూర్చుండియుండెను. మేము తలవంచి కృతజ్ఞతాప్రార్థన చేయునప్పుడు ఆయన ముల్లుగరిటెను క్రింద నుంచి, మేము తల యెత్తువఱకు ఊరకుండెను. నల్లని కోటు, తెల్లని పొడుగు ముందుగుడ్డ కట్టిన వడ్డనవాడు వచ్చి, మేము కోరినవన్నియు బల్లపై పఱచిన కాగితముమీదనే గీకి పోయెను. నీరు అడిగినచో గాజుకూజాతో నిండుగ తెచ్చి పెట్టెను. దానికి వెల లేదు. ద్రాక్షారసము మేము ముట్టువారము కాము గావున ఆ నీటినే మూడు కూజాలు త్రాగితిమి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు సీమనుండి పోయినవారికి నీటి కూజాయే విందు.

వంటలు మితముగనే కోరితిమి. ఉడికించిన గ్రుడ్డుపై నూనెయు, పచ్చసొనయు గిలకొట్టి చేసిన ముద్ద. లీకు అను ఉల్లిజాతి కాడలు పులుపునూనెతో. పిమ్మట కాల్చిన కోడియు, ఆలుగడ్డలును. గ్రుడ్డు వంటకము రెండు మూడు యూరోలకే వచ్చెను. ఆ నగరమున అంత తక్కువ వెల మఱియొకచోట మాకు కనబడలేదు. ఫ్రెంచివారి సంప్రదాయపు వంటలనగా రాజుల విందులని మేము తలచియుంటిమి. ఆ పట్టికలో నున్నవి చాలవఱకు రైతుల వంటలే. ఎఱ్ఱ ద్రాక్షారసములో మాంసమును గంటలకొలది ఉడికించు బూర్గుండి సీమ వంట యొకటి. మాంసమును, దుంపలను, క్యారెట్లను ఒక్క కుండలో కాచు వంట మఱియొకటి. ఈ రెండవదానికి వారి భాషలో "పొయ్యిమీది కుండ" యనియే పేరు. మొదట దాని రసము త్రాగి, తరువాత ముక్కలు తిందురు. ముదిరిన గట్టిమాంసము పేదవానికి చవుకగా దొఱకును. దానిలోని నారను సన్నని సెగపై చాలసేపు కాచినచో జెలాటినుగా మారి మెత్తబడును. పదార్థవిజ్ఞానము చదువు పిల్లలు ఇది గమనింపవలెను. లేమియే వారికి వంట నేర్పినది.

వృద్ధుడు తన పళ్లెమున మిగిలిన పులుసును రొట్టెముక్కతో అద్ది అద్ది, పళ్లెము కడిగినట్లగువఱకు తుడిచి తినెను. మేము చూచుట గమనించి నవ్వి, మీరే దేశస్థులని అడిగెను. మేనల్లుడు దుబాసియై చెప్పెను. పుదుచ్చేరి పేరు ఆయన యెఱుగును. 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన యానాము తెలుగువారి యూరని చెప్పగా ఆశ్చర్యపడెను. పిమ్మట, "మీ యూరివారు దినమును తినునదేమి?" యని అడిగెను.

మేనల్లుడు మమ్ము చూచి, "మామా, అన్నమని చెప్పనా?" యని తెలుగున మెల్లగ అడిగెను. సంగటి యనియే చెప్పుమంటిమి. నీరు మఱుగునప్పుడు కొంచెము బియ్యపునూక వేసి, అది ఉడికిన పిదప రాగిపిండి పోసి, తెడ్డుతో గెలికి గెలికి, ఉండ లేకుండ ముద్ద చేయుదుమనియు, ముద్ద నడుమ గుంట చేసి పులుసుగాని, శనగవిత్తుల ఊరిబిండిగాని పెట్టుకొని, నమలక మ్రింగుదుమనియు వివరించితిమి. ఆయన శ్రద్ధగ విని, "అది తినుటకు మీ యూర ఇట్టి యిల్లు ఎక్కడ నున్నది?" యని అడిగెను.

ఈ ప్రశ్నకు వెంటనే బదులు తోచలేదు. గంజియిండ్లు మన సీమకును క్రొత్త కాదు. కాని అవి వచ్చిన త్రోవ వేఱు. 1876 మొదలు 1878 వఱకు గొప్ప కరవు వచ్చినప్పుడు మన ప్రాంతము బళ్లారి జిల్లాలో నుండెను; అనంతపురము వేఱు జిల్లా యైనది 1882లో. 1877లో సర్ రిచర్డు టెంపులు అను అధికారి, కరవు పనులలో రాళ్లు కొట్టువానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానితో స్వల్పమైన పైకమును చాలునని నిర్ణయించెను. పౌను అనగా అర్ధకిలోకు తక్కువ. మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిషు దొరగారు ఇది మనుష్యుని బ్రతికించు కొలత కాదని గట్టిగ వాదించిరి. కొన్ని మాసములకు కొలత పెంచిరి. మరల 1952 కరవులో రాయలసీమలో ప్రభుత్వము గంజికేంద్రములు తెఱచెను. మా అవ్వ అప్పుడు పిల్ల. కేంద్రమునుండి గంజి తెచ్చు ముంతను పైటక్రింద దాచుకొని, పెద్దవీధి విడిచి దిబ్బలవెంట ఇంటికి వచ్చెడిదాన నని ఆమె చెప్పుచుండెను. గంజి మంచిదే యని, ప్రాణము నిలిపినదే యని గూడ చెప్పుచుండెను. ముంతను దాచుట మాత్రము ఆమె కథలో ఎన్నడును తప్పలేదు.

పారిసు బుయ్యోనులోను ఉన్నది రసమే. మన కేంద్రములోను ఉన్నది రసమే. వరుస రెండుచోట్లను గలదు. ఒకచోట దేశదేశముల ధనవంతులు సంతోషముగ వరుసలో నిలుతురు. ఒకచోట పసిపిల్ల ముంత దాచుకొనెను. కరవు వేళ గంజి పోసినవారిని మేము తప్పుపట్టము. వారు లేనిచో మేము ఈ వ్యాసము వ్రాయువారము కాము. అయినను కొద్దిపాటి వెల యిచ్చి, నాకిది కావలెనని కోరి, తన సొఱుగులోని గుడ్డ తీసికొని కూర్చుండినవాడు తల యెత్తుకొని తినును. కొలిచి పోయగా తెచ్చుకొన్నవాడు ఆ రుచిని తన బిడ్డలకు అందింపడు. మా అవ్వ పెద్దదైన పిదప ఇంట గంజి కాచుటనే మానినది.

లెక్క వ్రాసినప్పుడు వడ్డనవాడు ఆ కాగితముమీదనే వరుసగ అంకెలు వేసి, పెదవి కదపకుండ కూడెను. మేము తలక్రిందుగ చదివి సరిచూచితిమి. ఒక్క అంకెయు తప్పలేదు. మన ఎనిమిదవ తరగతివారు దీనిని తెలిసికొందురుగాక!

ఇక మన వసతిగృహపు మాట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది మొదలు ఈ మెట్టసీమలో జొన్న, కొఱ్ఱ, రాగి వెనుకబడి, అన్నము ప్రతియింటికి వచ్చెను. అది గొప్ప మేలు; ఆకలి చూచినవారు దానిని కాదనరు. కాని దానివెంట ఒక సిగ్గుకూడ వచ్చినది. ఇంటినుండి సంగటి తెచ్చుకొన్న పిల్లలు గిన్నెమూత చాటుచేసికొని, గోడవైపు తిరిగి తినుట మేము చూచుచున్నాము. అదే కాలమున పెద్ద నగరములలో రాగిసంగటిని నాటుకోడి పులుసుతో అధికమైన వెలకు అమ్ముచున్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినది. మన బిడ్డలకు ఆ వార్త చేరినట్లు లేదు.

గావున వారమున కొక సాయంకాలము రెండు కుండలు పెట్టవలెనని మేము కోరితిమి. ఒకటి అన్నము, ఒకటి సంగటి. ఏది కావలెనో పిల్లలే కోరుకొనవలెను. ఏ కుండకు ఎంత యని కొలత యుండరాదు. తల్లిదండ్రుల కూటమిలో దీనిని చెప్పగా, వెనుకవరుసలోనుండి యొక తల్లి లేచి, "అయ్యవారూ, సంగటి తిని మేము పడినది చాలదా? నా బిడ్డ అన్నము తినవలెననియే మీ బడికి పంపితిని" అనెను. ఆ మాటకు కూటములోని వారందఱు ఊరకుండిరి. మేమును ఊరకుంటిమి, ఏలయనగా ఆమె పలికినది నిజము. కొంతసేపటికి ఆమెయే మరల, "మీరుకూడ ఆ బల్లమీదనే కూర్చుండి, ఆ కుండలోనిదే తినెదరా?" యని అడిగెను. తినెదమంటిమి. "అట్లయిన చూతము" అని ఆమె కూర్చుండెను. వసతిగృహపు పెద్దల సభ జూను మాసమున కూడును.