గొట్టంలో గాలి

మనుబోలు నుంచి కృష్ణపట్నం వైపు రొయ్యల చెరువుల మధ్యగా పోతున్నప్పుడల్లా నా ఆలోచన హేచరీల మీదికి మళ్లుతుంది. సముద్రపు నీటి శుద్ధికి క్లోరిన్ ద్రావణం చుక్కచుక్కగా వేసే డోసింగ్ పంపు పెట్టిన చోట, గొట్టంలో బుడగలు చేరాయంటే లెక్క తప్పుతుంది. పంపు తిరుగుతూనే ఉంటుంది, మందు మాత్రం పడదు.

పంపు ఆపినా బుడగలు పెరుగుతుంటే తప్పు ద్రావణానిది. సోడియం హైపోక్లోరైట్ వేడికి విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. మన నెల్లూరు ఎండలు 40 డిగ్రీలు దాటాక మరీనూ. పంపు నడిచేటప్పుడే బుడగలు వస్తుంటే పీల్చే వైపు బిగింపులు చూడాలి. అతుకు మీద నీళ్లు పోయగానే కాసేపు ఆగాయా, దొంగ దొరికినట్టే. పంపు లోపలి రోలర్ల కింద నలిగిపోయిన గొట్టాన్ని ఇంకో నెల లాగుదామనుకోవడం నాకు ససేమిరా నచ్చదు.

ద్రావణం డ్రమ్మును నీడలో, పంపుకంటే ఎత్తులో పెట్టండి.