నీడకూ ఓ లెక్కుంది!

నాలుగు గుంజలు పాతి, పైన ఇన్ని మట్టలు కప్పితే చప్పరం. చూడ్డానికి అంతే. కానీ ముందు గుంజ ఎంతుండాలి, వెనక గుంజ ఎంతుండాలి, వాలు ఎటు పెట్టాలి? ఈ మూడూ కుదరకపోతే ఎండా ఆగదు, వానా ఆగదు. గాలి గట్టిగా వీస్తే చప్పరమే ఆగదు. కరవు సీమలోని కుందుర్పికి వెళ్తే కోటనే కాదు, ఇళ్ల ముందున్న ఆ నీడల్నీ ఓసారి చూసి రావాలి.

అనంతపురం నుంచి కళ్యాణదుర్గం సుమారు 60 కిలోమీటర్లు. అక్కణ్నుంచి దక్షిణంగా వెళ్తే కుందుర్పి. దారి పొడవునా ఎర్రనేల, వేరుశనగ చేలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే రాతిగుండ్లు. ఊరు దగ్గరపడే కొద్దీ కొండా, దాని మీద పాత కోట గోడలూ కనిపిస్తాయి. విజయనగర వైభవం తగ్గాక పాలెగాళ్లు ఏలిన సీమ ఇది. పెనుకొండను వదులుకుని కుందుర్పిని పుచ్చుకున్న కోనేటి నాయకుడి వారసులే తర్వాత రాయదుర్గాన్ని ఏలారని పాత జిల్లా చరిత్రలు చెబుతాయి.

ఊరు దాటి కాస్త దూరం పోతే కర్ణాటక. ఇక్కడి జనానికి తెలుగెంతో కన్నడం అంత. కోస్తావాళ్లు పందిరి అనేదాన్ని వీళ్లు చప్పరం అంటారు. సరిహద్దు అవతలా దాని పేరు అదే. భాష మారినా ఎండ మారదు కదా!

ఈ జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లే. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్‌ తర్వాత వాన తక్కువ పడే జిల్లాగా అనంతపురానికి పేరు. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని వస్తాయి. ఈశాన్య మబ్బులు తూర్పు తీరంలో ఖాళీ అవుతాయి. అలాంటి చోట నీళ్ల తర్వాత మనిషి వెతుక్కునేది నీడనే.

సూర్యుడు ఉత్తరానికి వచ్చే ఊరు

నడినెత్తిన సూర్యుడు అని మనం రోజూ అనేస్తాం. నిజంగా అలా వచ్చేది ఏడాదికి రెండు రోజులే. కుందుర్పి భూమధ్యరేఖకు 14 డిగ్రీల పైచిలుకు ఉత్తరాన ఉంది. ఏప్రిల్‌ 29 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 14 ప్రాంతంలో ఇంకోసారి మధ్యాహ్నం వేళ సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికొస్తాడు. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. అంటే ఉత్తరం గడపలోకీ ఎండ తొంగి చూస్తుంది. డిసెంబరులో అయితే దక్షిణానికి బాగా జారిపోయి, మధ్యాహ్నమైనా 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు దక్షిణం వసారాలో ఆరడుగుల లోపలిదాకా ఎండ వస్తుంది. చలికాలం కాబట్టి దాన్నెవరూ కాదనరు.

మధ్యాహ్నం ఎండతో పెద్ద చిక్కులేదు. పైన కప్పు ఉంటే చాలు. ఏడిపించేది సాయంత్రం పడమటెండ. మార్చి 21 ప్రాంతంలో గడియారం నాలుగున్నర కొట్టేసరికి సూర్యుడు నేల నుంచి 29 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. పడమటి గడప ముందు పదడుగుల చప్పరం ఉందనుకోండి. దాని ముందు కొస 8 అడుగుల ఎత్తున ఉంటే, ఎండ 14 అడుగుల లోపలికి దూసుకొచ్చే వాలులో ఉంటుంది. అంటే చప్పరం కిందున్న నేలంతా దాటి గోడెక్కుతుంది. గోడవారగా మంచం వేసుకున్న ముసలాయన ఎండలోనే ఉంటాడు. అదే కొసను 5 అడుగులకు దించితే ఎండ గోడకు అడుగు ముందే ఆగిపోతుంది. మంచం నేలకు అడుగున్నర ఎత్తున ఉంటుంది కనక దాని మీద పడుకున్న మనిషి మొత్తం నీడలో ఉంటాడు. మూడడుగుల తేడాతో ఒక మనిషికి ఆ వేళ నీడ!

ఈ కోణాలు కాగితం మీద వేసుకుని ఎవరూ చప్పరం కట్టరు. మంచానికి ఎండ తగిలితే పొడుగు కర్ర తీసి పొట్టి కర్ర పెడతారు. ‘పట్ట కొంచెం దించన్నా’ అంటే కొలత ఎంతో అడిగేవాళ్లుండరు. కిందున్నవాళ్లే కొలత.

ఇదే వాలు లెక్కను తలకిందులుగా చూడాలంటే సరిహద్దు దాటి పావగడ తాలూకాకు వెళ్లాలి. తిరుమణి చుట్టుపక్కల 13 వేల ఎకరాల్లో 2018లో మొదలైన సౌరవిద్యుత్తు పార్కు 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరింది. కదలకుండా బిగించే సౌరఫలకాల్ని దక్షిణానికి తిప్పి, ఊరి అక్షాంశానికి దగ్గరగా వాలు ఇవ్వడం మామూలు పద్ధతి. ఏడాది మొత్తమ్మీద ఎక్కువ ఎండ పట్టాలన్నది అక్కడి లెక్క. ఎండ పడకూడదన్నది చప్పరం లెక్క. ఇద్దరూ చూసేది ఆ ఒక్క సూర్యుణ్నే.

ఎత్తయితే గాలి... దించితే నీడ

అయితే చప్పరాన్ని మొత్తం కిందికే కట్టేస్తే పోదా? పోదు. వేడిగాలి పైకి పోతుంది. పైన దారి లేకపోతే కిందే తిరుగుతుంది. ప్లాస్టిక్‌ పట్టను తలకు తగిలేంత కిందికి కడితే నీడ ఉంటుంది కానీ ఉడికిపోతాం. అందుకే గోడవైపు ఎత్తు ఎక్కువ, బయటికి తక్కువ. గోడకూ పట్టకూ మధ్య జానెడు సందు వదిలితే ఆవిరి అటు నుంచి పోతుంది.

ఇంకో కిటుకు రెండు కప్పులు. పైన మట్టలో, కంది కట్టెలో, వేపమండలో వేస్తారు. దాని కింద మూరెడు ఎడం ఉంచి పట్ట కడతారు. ఎండ పైకప్పును కాలుస్తుంది. మధ్యలో గాలి ఆడుతుంది. కింది పట్ట అంతగా వేడెక్కదు. ఆకుల కప్పు చల్లగా ఉండటానికీ కారణం అదే. దాన్నిండా సందులే. ఎండను ఆపుతుంది, గాలిని పోనిస్తుంది. వానను మాత్రం ఆపలేదు. అది పట్ట పని.

అన్నిటికంటే చిన్న చప్పరం గొర్రెల కాపరి భుజం మీద ఉంటుంది. అదే కంబళి. పొరుగునున్న చెళ్లకెర కంబళ్లకు పెట్టింది పేరు. రెండు కర్రల మీద దాన్ని వాలుగా వేస్తే మధ్యాహ్నం కునుక్కి సరిపోయే నీడ. వాన చినుకు పడితే అదే తలమీద కొప్పెర. ఉన్ని మీద పడ్డ చినుకు వెంటనే లోపలికి దిగదు. జారిపోతుంది.

రాని వానకూ వాలు కావాలి

కరవు నేలలో వానకు భయపడటమేంటని అనిపించొచ్చు. ఇక్కడి వాన రోజుల తరబడి ముసురు పట్టి కురిసే రకం కాదు. వస్తే గంటలో కుమ్మరించి పోతుంది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పున్న పట్టను బల్లపరుపుగా కట్టారనుకోండి. ఒక్క సెంటీమీటరు వాన పడితే దాని మీద చేరేది 110 లీటర్ల నీళ్లు. అంటే 110 కిలోల బరువు. పట్ట మధ్యలో బొజ్జలా దిగుతుంది. దిగిన చోటికే మిగతా నీళ్లూ చేరతాయి. కాసేపటికి తాడు తెగుతుంది, లేదంటే గుంజ ఒరుగుతుంది.

అందుకే పదడుగులకు రెండడుగులైనా వాలుండాలి. ముందు కొస రెండు మూలల్లో ఒకదాన్ని ఇంకాస్త దించితే మరీ మంచిది. నీళ్లన్నీ ఆ మూలకే చేరి ఒక్క ధారగా పడతాయి. కింద బిందె పెట్టుకుంటే వృథా కావు. నీళ్ల విలువ తెలిసిన ఊళ్లో ఇది చిన్న సంగతేం కాదు.

చేల దగ్గర వేరుశనగ కట్టె వామికీ ఇదే సూత్రం. వామిని గుండ్రంగా పైకి తేల్చి, మీద పట్ట కప్పి, అంచులకు రాళ్లు వేలాడదీస్తారు. పైన కాస్త గుంట మిగిలినా నీళ్లు నిలిచి లోపల కట్టె బూజు పడుతుంది. వేసవిలో పశువులకు ఆ కట్టే తిండి. ఒక గుంట ఆ ఇంటి ఎద్దుల నోటిదగ్గరి మేత తీసేస్తుంది.

గాలొస్తే తగ్గాలి

జూన్‌ నుంచి ఆగస్టు దాకా వాన రాకపోయినా గాలి మాత్రం తప్పకుండా వస్తుంది. ఆ గాలిని నమ్ముకునే ఒకప్పటి ఉమ్మడి జిల్లాలోని రామగిరి కొండల మీద 1990ల్లోనే గాలిమరలు పెట్టారు. గాలి వేగం రెట్టింపయితే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. మన పన్నెండడుగుల పట్టకు గంటకు 40 కిలోమీటర్ల గాలి నిటారుగా తగిలితే పడే ఒత్తిడి 80 కిలోల పైనే. అంటే ఒక మనిషి దానికి వేలాడినట్టు!

దీనికి రెండే దారులు. గాలొచ్చే నైరుతి వైపు అంచును కిందికి దించడం ఒకటి. అప్పుడు గాలి పట్ట కింద దూరకుండా పైనుంచి జారిపోతుంది. మరీ ఎక్కువైతే ముడి విప్పి పట్టను చుట్టేయడం రెండోది. అందుకే లాగితే ఊడే ముడి వేస్తారు, బిగుసుకుపోయే ముడి వేయరు. గుంజలకు మాత్రం రాతికూసాలను మించినవి లేవు. చెదలు పట్టవు, ఒరగవు.

బటన్‌ నొక్కితే దిగే చప్పరం

ఈ పనంతా ఓ బటన్‌తో అయిపోయే చోట్లున్నాయి. అమెరికాలో వంటగది, పడకలు, స్నానాలగది అన్నీ ఉండే పెద్ద బండ్లను ఆర్‌వీలంటారు. అక్కడున్న మన తెలుగు కుటుంబాలూ సెలవుల్లో వాటిని అద్దెకు తీసుకుని జాతీయ పార్కులు చుట్టొస్తుంటాయి. బండి పక్కన గొట్టానికి చుట్టిన బట్ట ఉంటుంది. బటన్‌ నొక్కితే మోటారు దాన్ని విప్పుతుంది. రెండు చేతులు చాచినట్టు నీడ బయటికొస్తుంది. చాలా రకాల్లో ఆ చేతుల ఎత్తును సవరించి వాలు పెంచొచ్చు, తగ్గించొచ్చు. వానొచ్చేలా ఉంటే ఒక కొసను దించమంటారు. ఎండ వాలితే ముందు అంచు దించమంటారు. గాలెక్కువైతే ముడిచేయమంటారు. కొన్నిట్లో బట్ట ఊగడాన్ని పసిగట్టి తనంతట తానే ముడుచుకునే ఏర్పాటూ ఉంది.

కుందుర్పి చప్పరం చేసేవీ సరిగ్గా ఇవే మూడు పనులు. కాకపోతే అక్కడ మోటారు, ఇక్కడ మనిషి.

నీడ కూడా హక్కే

2006 ఫిబ్రవరి 2న ఇదే జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్‌సింగ్‌ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. 2005లో చేసిన ఆ చట్టంలో పనిచోట తాగునీరు, ప్రథమచికిత్స పెట్టెతోపాటు పిల్లలకూ, విశ్రాంతి వేళకూ నీడ ఉండాలని రాశారు. గుంతలు తవ్వే చోట గుడ్డ కప్పు చట్టానికెక్కిందంటే, నీడ ఎంత అవసరమో దేశం ఒప్పుకున్నట్టే. చట్టం నీడ అన్నదే కానీ ఎంతెత్తు, ఎటు వాలు అని చెప్పలేదు. తొమ్మిదింటికి పిల్లల మీద నీడ పడేలా కట్టిన పట్ట పదకొండింటికి పక్క రాళ్ల మీద నీడ పరుస్తుంది. ఎవరో ఒకరు లేచి కర్ర మార్చాల్సిందే.

ఆ కర్ర మార్చే చేతులే ఇప్పుడు ఊళ్లో తగ్గిపోతున్నాయి. వానలు ముఖం చాటేస్తే ఈ మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు బెంగళూరు దారి పడతాయి. అక్కడ కట్టే అపార్ట్‌మెంట్ల పక్కన వరసగా నీలం పట్టల గుడారాలు కనిపిస్తాయి కదా! వాటిల్లో ఒకదాని వాలు సరిగ్గా ఉంటే, పట్టకూ గోడకూ జానెడు సందు ఉంటే, ముడి లాగితే ఊడేలా ఉంటే... ఆ కుటుంబం చప్పరాల ఊరి నుంచి వచ్చిందేమో. మూటాముల్లెతో పాటు వెంట తీసుకెళ్లే విద్య ఇది. బరువుండదు.

ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, బడికెళ్లే పిల్లలు. ఏటా గుంజలు పాతి, మట్టలు మార్చే ఓపిక వాళ్లకు లేదు. అందుకే మట్టల చోటికి రేకులొచ్చాయి. ఒకసారి బిగిస్తే ఏళ్ల తరబడి చూడక్కర్లేదు. వానకు భయంలేదు. కానీ రేకు దిగదు, ఎత్తదు, తిరగదు. నాలుగున్నరకు పడమటెండ మళ్లీ గోడెక్కుతుంది. అప్పుడు అవ్వ లోపలికెళ్లి ఓ పాత చీర తెచ్చి రేకు అంచుకు కడుతుంది. ఎండ దిగే కొద్దీ చీరనూ దించుతుంది. పొద్దు గూకాక మడిచి పెడుతుంది.

అందుకే ఇంటి ముందు రేకులు వేయించేవాళ్లు ఓ చిన్న పని చేస్తే బాగుంటుంది. పడమటి అంచుకు నాలుగు కొక్కేలు, ఓ కర్ర, అవ్వ చేతికందే ఎత్తులో తాడు ఏర్పాటు చేయించాలి. పెద్ద ఖర్చు కాదు. కొడుకు బెంగళూరు నుంచి వచ్చేదాకా ఆగకుండా, తన నీడను తనే సర్దుకుంటుంది.

ఇలా వెళ్లాలి...

అనంతపురం నుంచి కళ్యాణదుర్గం, అక్కణ్నుంచి కుందుర్పికి బస్సులుంటాయి. కొండెక్కాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. పొద్దున్నే ఎక్కి ఎండ ముదరకముందే దిగాలి. నీళ్లు వెంట ఉంచుకోవాలి. సాయంత్రం నాలుగు తర్వాత మాత్రం వీధుల్లోనే ఉండండి. ఏ ఇంటి నీడ ఎంత దూరం వచ్చిందో చూడ్డానికి అదే సరైన వేళ.