నాట్లకు ముందు సముద్రం దాకా

వడ్ల కాంటాలు అయిపోయాయి. కొనుగోలు కేంద్రాల దగ్గర టార్పాలిన్లు మడతపెట్టేశారు. రైస్ మిల్లుల ముందు లారీల వరుస పలచబడింది, చాలామంది ఖాతాల్లో పైసలు కూడా పడ్డాయి. యాసంగి నారు పోసుకున్నవాళ్లకు అది నాటుకు అందివచ్చేదాకా కాస్త తీరిక. నారుమడికి నీళ్లు పెట్టే మనిషి ఒకరు ఇంటి దగ్గరుంటే చాలు, మిగతావాళ్లు కదలొచ్చు. అందుకే ఈ రోజుల్లో సుల్తానాబాద్‌లో ఏ హోటల్ ముందు నిలబడి చాయ్ తాగినా ఒకటే ముచ్చట: "ఈసారి ఎటు పోదాం?" జవాబు కూడా ఎక్కువగా ఒకటే: "సముద్రం దిక్కు పోదాం."

మన జిల్లాలకు సముద్రం లేదన్నమాటే గానీ, పక్కనే ఆంధ్రకు ఇచ్ఛాపురం మొదలు తడ దాకా తీరమే తీరం. ఎండాకాలం సెలవుల్లో అటు పోయినవాళ్లకు ఉక్కపోత తప్ప ఏమీ గుర్తుండదు. అసలు కాలం ఇదే. సంక్రాంతికి అటూ ఇటూగా మబ్బు ఉండదు, ఎండ హాయిగా ఉంటుంది, సాయంత్రం చలిగాలి మొదలవుతుంది.

ఎక్కువమంది నోట వచ్చే పేరు విశాఖపట్నం. కాజీపేటలోనో వరంగల్‌లోనో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి దిగుతాం. పిల్లలతో వెళ్లేవాళ్లు ఆర్.కె. బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని తప్పక చూపించాలి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన ఈ ఓడను 2002లో ఒడ్డుకు చేర్చి మ్యూజియం చేశారు. లోపల నడిచే దారి సన్నం, పడకలు ఇరుకు. అంత చోటులో అన్ని రోజులు మనుషులు నీళ్ల అడుగున ఎలా బతికారో పిల్లలు వాళ్లంతట వాళ్లే అడుగుతారు. ఇంకో రోజు చేతిలో ఉంటే బొర్రా గుహలు, అరకు. ఆ రైలు దారిలో సొరంగాలు యాభైకి పైనే. కిటికీ పక్క సీటు కోసం పిల్లలు కొట్టుకోక తప్పదు.

చేతిలో ఒక్కరోజే ఉంటే సూర్యలంక చాలు. బాపట్లలో దిగితే ఆటోలో కాసేపే. ఇసుక మెత్తగా, తీరం విశాలంగా ఉంటుంది. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాల జనం పోటెత్తుతారు గానీ తర్వాత పలచబడుతుంది. అయితే పైలం. చెరువుల్లో, మానేరులో ఈతకొట్టినవాళ్లకు అలల సంగతి తెలియదు. వెనక్కి మళ్లే నీరు కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. కాపలావాళ్లు ఆపిన చోట ఆగడమే మంచిది.

కరీంనగర్ నుంచి తిరుపతి పోయే బండి మన సుల్తానాబాద్ మీదుగానే పోతుంది. దర్శనం అయ్యాక అదే రోజు వెనక్కి తిరగకుండా ఒక పూట ఆగి నాయుడుపేట మీదుగా నేలపట్టు చూసిరమ్మని మా బంధువులందరికీ చెబుతుంటాను. చెరువులో నీళ్ల మధ్య నిలబడ్డ చెట్లమీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. ఆ రెట్టలు కలిసిన చెరువు నీరు పొలానికి పారితే పంటకు బలమని అక్కడి రైతులు ఆ పక్షుల్ని కంటికి రెప్పలా చూసుకుంటారు. యూరియా కోసం వరుసలో నిలబడ్డ మన రైతుకు ఆ చెరువు చూస్తే చాలా ఆలోచనలు వస్తాయి. అక్కడికి దగ్గర్లోనే పులికాట్, ఈ కాలంలో ఫ్లెమింగోలు దిగేది అక్కడే.

ఇవన్నీ మంచివే. కానీ ఎవరైనా నన్ను ఒక్క చోటే చెప్పమంటే అంతర్వేది అంటాను.

కారణం మన ఊరి పక్కనే ఉంది. మన మానేరు మంథని దాటాక గోదావరిలో కలుస్తుంది. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి చేరుతుంది. అక్కణ్ణించి భద్రాచలం, పాపికొండలు, రాజమండ్రి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852కల్లా ఆనకట్ట పూర్తి చేయించిన చోట నది పాయలుగా చీలుతుంది. అందులో వసిష్ఠ పాయ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఎగువన ధర్మపురిలో గోదావరి ఒడ్డున నరసింహస్వామి, దిగువన నది ముగిసే చోట లక్ష్మీనరసింహస్వామి. ధర్మపురికి ఏటా పోయే కుటుంబాలు మన దగ్గర ఇంటింటికీ ఉన్నాయి. ఆ రెండో కొసను కూడా ఒక్కసారైనా చూడాలి కదా!

దారి కష్టమేం కాదు. విజయవాడలో మారి నర్సాపురం బండి ఎక్కాలి. నర్సాపురం రేవులో పంటు ఎక్కి అవతల సఖినేటిపల్లిలో దిగాలి. పంటు మీద మోటారు సైకిళ్లు, కార్లు, కొబ్బరి బొండాల గెలలు, బడికి పోయే పిల్లలు అందరూ కలిసే దాటుతారు. నది అక్కడ ఎంత వెడల్పో నడిమధ్యకు పోతేగానీ తెలియదు. బ్యారేజీల దగ్గర గేట్ల వెనక నిలిచిన గోదావరినే చూసిన మనకు ఆ వెడల్పు కొత్త. గుడి చూసుకుని సంగమం దగ్గరకు పోతే అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు, ఇసుక మేటలాంటి చోటు. ఒక పక్క గోదారి నీరు, ఇంకో పక్క సముద్రపు నీరు, రంగు తేడా కంటికి తెలుస్తుంది. 2020 సెప్టెంబరులో స్వామివారి పాత రథం కాలిపోతే, 2021 మాఘ కల్యాణానికల్లా కొత్త రథం సిద్ధం చేశారు. గుడికి పోయినప్పుడు దాన్ని కూడా చూడండి.

సంక్రాంతికే వెళ్లగలిగితే ఇంకా మంచిది. కనుమనాడు కోనసీమలో, అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు ప్రభలు ఆ కొబ్బరితోటకు చేరతాయి. వెదురుతో కట్టి రంగు నూలుతో, గుడ్డలతో సింగారించిన ఆ ప్రభల్ని మనుషులే భుజాల మీద మోస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే కౌశిక నది నీళ్లలోకి దిగి దాటాలి. దారిలో పచ్చని వరిచేలు తొక్కుకుంటూ పోతారు. చేను తొక్కితే ఊరుకునే రైతు ఎక్కడైనా ఉంటాడా? అక్కడ ఉంటాడు. ప్రభ తన చేలోంచి పోవడమే శుభమనుకుంటాడు. నారు మడిలోకి మేక వస్తే కర్ర పట్టుకుని ఉరికే మనకు అది చూసి తీరాల్సిన సంగతి. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఆంధ్ర శకటం మీద ఊరేగింది ఈ ప్రభల తీర్థమే.

పాపికొండల పడవ గురించి ఒక మాట. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరదలో పడవ మునిగినప్పుడు, పోయినవాళ్లలో మన పక్క వరంగల్ కడిపికొండవాళ్లు ఉన్నారు. ఆ ఇళ్లను తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. చలికాలంలో నది నెమ్మదిగానే ఉంటుంది, కొండల మధ్య ఆ ప్రయాణం ఎంతో బాగుంటుంది. అయినా లైఫ్ జాకెట్ ఇచ్చి కట్టుకోమన్నాక తీసి పక్కన పెట్టకండి. జాకెట్లు సరిపడా లేని పడవ ఎక్కనే వద్దు. నది పెరిగి పడవలు ఆపితే ఎవరినీ బతిమాలకుండా భద్రాద్రి రాముణ్ణి చూసుకుని తిరిగి రండి.

తిండి సంగతి. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా తెచ్చుకోండి. పులస మాత్రం వానాకాలపు ఎర్రనీటికి వచ్చే చేప. ఈ నెలల్లో ఎవరైనా పులస అని వడ్డిస్తే నమ్మకండి. ఇక్కణ్ణించి సకినాలు డబ్బా నిండా పట్టుకెళ్లండి. రైల్లో పక్కవాళ్లతో ముచ్చట కలపడానికి అంతకంటే మంచి సాధనం లేదు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 జూలైలో ఘాట్ల దగ్గర ఎంత రద్దీయో మనకు గుర్తే. నదిని నిదానంగా చూడాలనుకునేవాళ్లకు ఆ లోపలి చలికాలాలే మేలు. అంతర్వేదిలో మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. ఆ రెండు రోజులూ నర్సాపురంలో గది దొరకడం కష్టం. నాట్లు తొందరగా ముగించుకునేవాళ్లు ఇప్పుడే గది మాట్లాడి పెట్టుకోండి. కాలువ నీళ్లు ఆలస్యమై నాట్లు మాఘంలోకి జరిగేలా ఉంటే, సంక్రాంతికే వెళ్లి ప్రభలు, సంగమం రెండూ చూసుకుని రండి.